దండ వేసిన డబ్బా

నా కోడలు గ్లోరీది కంప్యూటరు పని. నేను మూడో తరగతి దాటలేదు. అయినా ఆమె కథ నేనే రాస్తున్నాను. ఇంకొకరు రాస్తే పౌడరు పూసి రాస్తారు.

పోచంపల్లిలో చీరలు అమ్మే సంఘంలో ఆమె కొలువు. వారమంతా అక్కడ కిరాయి గది, ఆదివారం నకిరేకల్‌లో మా ఇల్లు. నా కొడుకు లారీ మీద దేశాలు తిరుగుతాడు. వాళ్ల బిడ్డ గ్రేస్ నా దగ్గరే. తల్లి సంచి సర్దితే చాలు, ఆమె చెప్పు ఒకటి దాచేది.

కరోనా పోయిన మరుసటి వానాకాలంలో మేనేజరు రామచంద్రాన్ని బతిమాలి గ్లోరీ ఇంటి నుంచే పని పట్టింది. ఇక్కడ కూర్చుని అక్కడి పెద్ద కంప్యూటరులోకి పోవడమట. పిల్ల తల్లి ఒళ్లోనే తినడం మొదలుపెట్టింది.

దసరా దాటిందో లేదో, ఆ పెద్ద కంప్యూటరుకు బలుపెక్కింది. ఎన్నిసార్లు పోయినా బయటే నిలబెట్టి, ఎప్పటికో తలుపు తీసేది. ఆర్డర్లన్నీ వెనకబడ్డాయి.

"గిట్లయితే కాదమ్మా, సోమారం నుంచి ఈడికే రా" అన్నాడు రామచంద్రం ఫోనులో.

"నెట్టు మంచిగ లేదేమోనే" అన్నాను కోడలితో.

"నెట్టయితే లోపలికి పోయినంక గూడ సతాయించాలె గదత్తా. లోపల మంచిగనే ఉరుకుతాంది. గడప కాడనే ఆగుతాంది."

"మీ సారు లెక్కనే ఉన్నది. ఎవలొచ్చినా బయట కూసోబెట్టుడు."

ఆమె గ్రేస్‌ను దగ్గరికి లాక్కుంది. పిల్ల తల నిమిరింది.

ఆ నిమరడం నాకు తెలుసు. అప్పట్లో మేముండే పాలమూరు నుంచి పుణెకు ఇటుకలు మోయబోయినప్పుడు నా కొడుకును మా అమ్మ దగ్గర విడిచాను. తిరిగొస్తే వాడు ఆమె కొంగు చాటు నుంచి నన్ను చూసి, "ఎవలే గామె?" అన్నాడు. తర్వాత వాడికి ఎన్ని సద్దిమూటలు కట్టిపెట్టినా ఆ మాట నా కడుపులోంచి పోలేదు.

సోమవారం గ్రేస్ దాచిన చెప్పు తీయనే లేదు. గ్లోరీ నా చెప్పులు వేసుకుని బస్సెక్కింది.

మధ్యాహ్నం ఫోను.

"అత్తా, దొరికింది! ఆఫీసు మూలకు చిన్న పాత కంప్యూటరు డబ్బా ఒకటి ఉన్నది. ఎవలు ఎవలో అందరి పేర్లు దాని కాడనే ఉంటయి. దసరా పూజకు తీగ పీకి, దుమ్ము దులిపి, బొట్టు పెట్టి బంతిపూల దండేసిండ్రు. మళ్ల తీగ పెట్టుడు మరిచిండ్రు."

"దానికీ నీ తలుపుకూ ఏం సంబంధమే?"

"నేను బయటి నుంచి పోతే, గీమె ఎవలని పెద్దది దాన్ని అడుగుతదత్తా. అది సప్పుడు చేయదు. చూసి చూసి, యాష్టకొచ్చి తలుపు తీస్తది."

"మరి తీగ పెట్టినవా?"

"పెట్టిన. ఇప్పుడు ఠక్కున తీస్తాంది. సారు మళ్ల ఇంటి కాడి నుంచే చేసుకొమ్మన్నడు."

పొద్దుగూకేసరికి బస్సు దిగి వచ్చింది. గ్రేస్ దాచిన చెప్పు తెచ్చి ఇస్తుందనుకున్నాను. తల్లి కాళ్ల నుంచి నా చెప్పులు ఊడదీసి, అందులో ఒకటి పట్టుకుని లోపలికి పరుగెత్తింది.

అది ఇప్పటికీ దొరకలేదు. నేనూ వెతకడం లేదు.