కత్తెరమ్మ కోసేసిన గొంతు

కత్తెరమ్మ అసలు పేరేమిటో ఆ వీధిలో సగం మందికి తెలియదు. వయసంతా ఆడవాళ్ల జాకెట్లు కుట్టింది. కళ్లద్దాలు మందమయ్యాక కుట్టుమిషను మూలన పెట్టి, గుడ్డలకు బదులు మాటలు కత్తిరించే పనిలో పడింది. మాటలు కత్తిరించడమేమిటి, విడ్డూరం కాకపోతే అంటారేమో, అక్కడికే వస్తున్నాను.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేసేవాడు. మహా నిదానస్తుడు. పక్కన పిడుగు పడ్డా, ముందు చేతిలో ఉన్న ముల్లు బిగించి ఆ తర్వాతే తలెత్తే రకం. గడియారాలు తెచ్చేవాళ్లు తగ్గిపోయాక ఆయనకో పిచ్చి పట్టుకుంది. ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, వాళ్లతోపాటు ఊరూ వెళ్లిపోతోంది, ఉన్నవాళ్ల మాటలైనా పట్టి దాచాలని. మందులషాపు పెద్దాయన తన షాపు మీద రెండు గదులు ఊరికే ఇచ్చి, అధ్యక్షుడిగా తానే కూర్చున్నాడు. బోర్డు మీద పెద్ద పేరేదో రాయించారు గానీ, జనం నోట్లో అది పాతగొంతుల సంఘమే. జీతం లేదు, భత్యం లేదు, పని మాత్రం బోలెడు.

ముసలివాళ్లను కూర్చోబెట్టి, మధ్యలో రికార్డరు పెట్టి, గడియారాలాయన ఒక్క ప్రశ్న అడిగేవాడు. ఆ తర్వాత ఆయన చేసేదల్లా ఊకొట్టడమే. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఈయన దగ్గర అది తిరగబడింది. ఈయన ఊఁ అంటూ కూర్చుంటే చాలు, కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పనివి కక్కేసేవాళ్లు. ఆ ఊఁల్లో రకాలున్నాయి. తర్వాతేమైందనే ఊఁ ఒకటి. అయ్యో పాపమనే ఊఁ ఒకటి. నువ్వు కోతలు కోస్తున్నావని నాకు తెలుసులే, కానివ్వు అనే ఊఁ ఇంకొకటి. ఏది ఏదో కత్తెరమ్మకు కళ్లు మూసుకున్నా తెలిసేది.

సంఘం పెట్టిన కొత్తలో, మిల్లులో నూలు వడికిన ఒక ముసలమ్మ మాటల్ని లైబ్రరీ హాల్లో జనానికి వినిపించారు. రికార్డరు ఈయనకు దగ్గరగా ఉందేమో, ముసలమ్మ గొంతు సన్నగానూ ఈయన ఊఁ దిమ్మెక్కేలాగానూ వచ్చాయి. వెనక బెంచీ నుంచి ఎవడో లేచి, "ముసలమ్మ బాగానే చెబుతోంది గానీ, పక్కన కట్టేసిన గేదెను కాస్త విప్పి తోలండయ్యా" అన్నాడు. హాలు గొల్లుమంది. గడియారాలాయన కూడా నవ్వాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ మాత్రం, "ఏమోయ్, మాట్లాడాల్సింది ఊరు. మధ్యలో నేనెందుకు? నా గొంతు తీసెయ్యగలవా?" అన్నాడు.

"జాకెట్టు చంక సర్దినంత తేలికా? చూస్తాను" అంది ఆవిడ.

చూడటమేమిటి, ఆరితేరిపోయింది. మందులషాపాయన కూతురి దగ్గర కంప్యూటర్ నేర్చుకుంది. భర్త అడిగిన ప్రశ్నలు తీసేసింది, ఊఁలు తీసేసింది, ఆఖరికి గొంతు సవరించుకున్న చప్పుడు కూడా తీసేసింది. కుట్టు పైకి కనిపిస్తే అది కుట్టే కాదని ఆవిడ సిద్ధాంతం. కంప్యూటర్లో చోటు చాలదు కాబట్టి, శుభ్రం చేసినది దాచి అసలుది చెరిపేసేది. "ఇన్ని ఊఁలెందుకండీ, నా వేళ్లు పడిపోతున్నాయి" అని సణిగితే, "నువ్వు కోస్తావన్న ధైర్యమే కదా" అనేవాడు. మీ మాటలెప్పుడు రికార్డు చేద్దామంటే, "ముందు ముసలాళ్లవి కానీ. నేనెక్కడికి పోతాను?" అనేవాడు. తనూ ముసలాడే అయ్యాడన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

ఎక్కడికి పోతానన్నవాడే పోయాడు. ఒక మధ్యాహ్నం, షాపు మీది ఆ గదిలోనే, కుర్చీలో కూర్చునే పోయాడు. కత్తెరమ్మ అదే గదిలో, ఆయనకు వీపు పెట్టి, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, ఆయన ఊఁలే కోస్తూ ఉంది. పని ముగించి వెనక్కి తిరిగేసరికి అంతా అయిపోయింది. పక్కనే ఉండి కూడా అంత దూరంగా ఉంది.

ఆయనకు ఒక అక్క ఉంది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. చక్కెర జబ్బు ఆవిడ కళ్లు రెండూ తినేసింది. తమ్ముడు పోయినప్పుడు ఆసుపత్రిలో ఉండి రాలేకపోయింది. కాస్త తేరుకున్నాక, ఇదే నా ఆఖరి ప్రయాణమని డాక్టరు తేల్చేశాడంటూ, కారు చేయించుకుని వచ్చింది. రెండు రోజులుంటానంది.

"అమ్మాయ్" అంది వచ్చీ రాగానే, "వచ్చిన ప్రతివాళ్లూ వాడి ఫొటో నా చేతిలో పెడుతున్నారు. తడుముకోమని కాబోలు. గుడ్డిదానికి ఫొటోలెందుకే? వాడి గొంతు వినిపించు. ఊరందరివీ దాచినవాళ్లు, వాడిది దాచకుండా ఉంటారా."

కోసేశానని చెప్పడానికి కత్తెరమ్మకు నోరు రాలేదు. "ఉంది వదినా, వెతికి పెడతాను" అని అబద్ధమాడేసి, షాపు మీది గదికి పరుగెత్తింది.

ముందు తమ పెద్దమ్మాయి పెళ్లి వీడియో చూసింది. అందులో ఆయన పెదవులు కదులుతున్నాయి గానీ, వీడియో తీసినవాడు అడుగడుగునా సినిమా పాట అతికించి పెట్టాడు. ఫోనులో ఉంటుందా అంటే, ఆయనది మీటలు నొక్కే పాత ఫోను, అందులో ఏమీ లేదు. మందులషాపు పెద్దాయన మెట్లెక్కి వచ్చి సంగతి విని నిలువునా నీరైపోయాడు.

"అన్నింట్లోనూ ఆయనే ఉన్నాడనుకున్నానమ్మా. కత్తిరించిన ముక్కలు ఎక్కడా లేవా?"

"గుడ్డముక్కలైతే మూటగట్టి దాచేదాన్ని అన్నయ్యగారూ. ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి, చీర రంగు చెబితే ముక్క తీసిస్తాను. ఇవి గాలిలో కలిసిపోయాయి."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా పట్టుకుంది. దాచిన గొంతులన్నీ మొదటినుంచీ వినడం మొదలుపెట్టింది. నూలు వడికినావిడ, తలుపులు చెక్కినాయన, నర్సమ్మ, అందరూ గడగడా చెప్పుకుపోతున్నారు. ఎవరికి చెబుతున్నారో తెలియదు. ఎదుట మనిషే లేనట్టుంది. ఎక్కడో ఒక చోట తన చెయ్యి తప్పి ఉంటుంది, ఒక్క ముక్కైనా మిగిలి ఉంటుందని ఆశ. తప్పితేనా. ఎంత పనిమంతురాలివే, నీ పనితనం మండిపోనూ అని తనను తానే తిట్టుకుంది. అలా వింటున్నప్పుడే ఆవిడకు ఇంకొకటి తెలిసొచ్చింది. ఆయన గొంతు తన మనసులోనూ పలచబడిపోతోంది. మాటలు గుర్తున్నాయి గానీ, అవి ఆయన గొంతులో వినిపించడం లేదు. ఇప్పుడు వదిన కోసమే కాదు, తన కోసమూ వెతుకుతోంది.

మర్నాడు మధ్యాహ్నానికి మిల్లు సైరన్ మోగించినాయన వంతు వచ్చింది. ఆయనకు నత్తి. మాట మధ్యలో ఆగిపోతే, పరవాలేదు చెప్పు అన్నట్టుగా గడియారాలాయన ఊఁ అనేవాడు. సరిగ్గా అప్పుడే అతని మాట ఊడిపడేది. ఊఁ కొయ్యాలంటే అతని మాటా తెగుతుంది. "నా ఊఁ ఉంటే ఉండనీ. పాపం అతను అంత కష్టపడి తెచ్చుకున్న మాట తెగకూడదు" అన్నాడప్పుడు భర్త. పని పాడైందని రెండు రోజులు ముఖం మాడ్చుకుందే గానీ, తర్వాత ఆ సంగతే మరిచిపోయింది.

"మి... మిల్లు మూ... మూసేసిన రోజు..."

"ఊఁ."

కత్తెరమ్మ బల్ల అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆ రికార్డింగును ఇంటికి తెచ్చి వదిన పక్కన కూర్చుని వినిపించింది. "ఇదెవరే నత్తివాడు?" అంది ఆవిడ. "మధ్యలో వినండి వదినా." ఊఁ వచ్చింది. ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది. మొత్తమంతా కలిపి అయిదారు ఊఁలు, అంతే. ఆ ఊఁలు కాదే, మాటలు పెట్టు అంటుందేమోనని కత్తెరమ్మ భయపడింది. ఆవిడ అలా అనలేదు. మళ్లీ పెట్టమంది. మళ్లీ, మళ్లీ పెట్టించుకుంది. నత్తి మాట ఎక్కడ ఆగుతుందో ఆవిడకు కంఠతా వచ్చేసింది. అప్పుడు ఊఁకి ముందు తనే మాట కలపడం మొదలుపెట్టింది.

"తిన్నావురా?"

"ఊఁ."

"చలేస్తోందా, దుప్పటి కప్పనా?"

"ఊఁ."

నవ్వుతోంది, ఆ గుడ్డి కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "నువ్వూ ఏదైనా అడగవే అమ్మాయ్. పలుకుతున్నాడు" అంది.

కత్తెరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడకు కనిపించదని గుర్తొచ్చి, "నేనడగను వదినా" అంది.

"ఏం?"

"ఆ రోజు అడిగాను. కుర్చీలో కూర్చుని ఛాతీ రుద్దుకుంటున్నట్టు కంప్యూటర్ అద్దంలో నీడలా కనిపించింది. వెనక్కి తిరక్కుండానే, ఒంట్లో బాగానే ఉందా అన్నాను. ఊఁ అన్నారు. సరే అనుకుని చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నాను. ఎన్ని వేల ఊఁలు విన్నాను వదినా. దేనికేం అర్థమో నాకు తెలుసు. అది ఒంట్లో బాగున్నవాడి ఊఁ కాదు. నా పని తొందరలో నేను వినిపించుకోలేదు."

ఆవిడ తడుముకుంటూ మరదలి మణికట్టు దొరకబుచ్చుకుంది.

"చిన్నప్పుడు మెట్ల మీంచి పడి వాడి చెయ్యి విరిగిందే. ఏం కాలేదుగా నాన్నా అంటే, ఊఁ అన్నాడు. నేనూ నమ్మాను. సాయంత్రానికి ఇంత లావు వాచింది" అంది.

ఆయన పోయాక మరో మనిషి ఎదుట కత్తెరమ్మ ఏడవడం అదే మొదలు. వదిన ఒళ్లో తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. సైరన్ ఆయన ఇంకా చెప్పుకుపోతూనే ఉన్నాడు. దాన్ని ఆపడానికి ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.