గుమ్మం ఎత్తు

మా అక్క మిషను కుడుతుంది. నిలబడితే నా భుజం దాకా వస్తుందేమో. మా అన్నయ్య ఆరడుగుల మనిషి, చిన్నప్పటి నుంచి దాన్ని "బుడంకాయ్" అనే పిలుస్తాడు. ఆ పిలుపులో ప్రేమ ఉందని మా నాన్న మురిసిపోయేవాడు. పాపం, పిచ్చి మారాజు!

నాన్న పోతూ పోతూ వాళ్ళిద్దరికీ పక్కపక్కన ఇళ్ళిచ్చాడు. కొండకీ సముద్రానికీ మధ్య ఏటవాలు వీధి మాది. ఎండలకి సముద్రం ఉడికి, మబ్బులు వచ్చి కొండకి తగిలాయంటే ఇక నాలుగు నెలలూ కుండపోత వానలే. కొండ మీద పడ్డ నీళ్ళన్నీ మా మీదుగానే దిగాలి. ఎగువన అన్నయ్య, దిగువన అక్క. మధ్యలో నాన్న తవ్వించిన కాలువ ఉండేది కాబట్టి ఎవరికీ గొడవ లేదు.

అన్నయ్య కారు కొన్నాడు. అది పెట్టుకోవడానికి కాలువ పూడ్చేశాడు. అడ్డంగా గోడ కట్టి, అడుగున తూము పెట్టి, దాని మూతి అక్క పెరట్లోకి తిప్పాడు. తొలకరికే అక్క ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. కుట్టిపెట్టిన పెళ్ళిబట్టలు బురదపాలయ్యాయి, మిషను తుప్పు పట్టింది. గోడలకి బూజు, మంచానికి బూజు, ఆఖరికి దారపు రీళ్ళకీ బూజే.

అక్క అడగబోతే ఏమన్నాడో తెలుసా?

"పల్లంలో ఉన్నావు, నీళ్ళు రాక ఏం చేస్తాయే బుడంకాయ్? ఆ గుంటలో నీకెందుకు? ఇల్లు నాకిచ్చేసి ఎక్కడైనా గది చూసుకో."

అదీ సంగతి! కావాలనే చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వెళ్ళి ఆ తూములో వాడి తల కుక్కుతాను," అన్నాను.

"ఎండలు రానీవే," అంది అక్క, తడిగుడ్డ పిండుతూ.

ఎండలొచ్చాయి. పాత ఇళ్ళు కూలగొట్టిన పెళ్ళలు ఎక్కడ పోయాలో తెలియక లారీలవాళ్ళు తిరుగుతుంటే, "మా ఇంట్లో పొయ్యండి నాయనా," అని పిలిచింది. పెరడంతా ఎత్తు చేయించింది. తూము మూతి పూడిపోయింది. అక్కడితో ఆగిందా? ఇంటి లోపల కూడా కిటికీల అంచు దాకా నింపించి గచ్చు చేయించింది.

"అమ్మా, గుమ్మం కూడా పైకి లేపాలి. ఇలాగైతే మనుషులు దూరలేరు," అన్నాడు మేస్త్రీ.

"నేను దూరగలను కదా? ఉండనీ."

నేను నెత్తి కొట్టుకున్నాను. వెళ్ళిన ప్రతిసారీ నా నుదురు బొప్పి కట్టేది మరి.

మళ్ళీ వానలొచ్చాయి. కొండ నీళ్ళు అన్నయ్య పెరట్లోకి దిగి, తూము దగ్గరికొచ్చి ఆగిపోయాయి. తను కట్టిన గోడే తనకి ఆనకట్టయింది. కారు సీట్ల దాకా మునిగింది. హాల్లో సోఫా తేలింది. అక్క ఇంట్లో కింద కూర్చుని, కిటికీలోంచి అదంతా చూస్తూ టీ తాగాను. అబద్ధమెందుకు, అంత రుచైన టీ నా జన్మలో తాగలేదు.

సాయంత్రం అన్నయ్య వచ్చి గుమ్మం ముందు ఆగాడు. "బుడంకాయ్, ఓసారి బయటికి రా."

"మిషను మీదున్నాను. లోపలికి రా అన్నయ్యా."

వంగాడు. చాల్లేదు. ఇంకా వంగాడు. నడుం రెండుగా మడిచి, ఒక చెయ్యి నేలకి ఆనించి లోపలికొచ్చాడు. లోపల కూడా నిటారుగా నిలబడే వీల్లేదాయె. మెడ వంచుకునే మాట్లాడాడు.

"చెల్లెమ్మా, తూముకి దారి వదలవే. ఇల్లు పోయేట్టుంది."

బుడంకాయ పోయి చెల్లెమ్మ వచ్చింది! గుమ్మం ఎందుకు లేపనివ్వలేదో అప్పుడు అర్థమైంది నాకు.

అక్క సూదిలో దారం ఎక్కిస్తూ, "నాన్న కాలువ మళ్ళీ తవ్వాలి," అంది.

"సరే, కూలీలని పెట్టి తవ్విస్తాను."

"కూలీలెందుకు? నువ్వే తవ్వు. పార ఆ మూలనుంది, తీసుకెళ్ళు. వెళ్ళేటప్పుడు తల జాగ్రత్త, అన్నయ్యా."