సుద్దముక్కతో గీసిన బాత్రూం

మా అత్తమ్మ మోకాళ్లు అరిగిపోయాయని, ఇక గొంతుక్కూర్చోవద్దని దవాఖానలో డాక్టర్ చెప్పి నెల దాటింది. మా పాత బాత్రూంలో మరో దారి లేదు. గోడ పట్టుకుని, కుళాయి పట్టుకుని ఎలాగో లేచేది. లోపల ఆమె "యేసయ్యా" అన్నప్పుడల్లా బయట మేమంతా లేచి నిలబడేవాళ్లం. చివరికి ఈ వేసవిలో బాత్రూం మార్పిద్దామని నేనూ మా ఆయనా నిర్ణయించుకున్నాం.

చేతిలో ఉన్నది చిట్టీ ఎత్తిన డబ్బు ఒక్కటే. కమోడు, టైల్స్, తలుపు, మేస్త్రి కూలి, అన్నీ అందులోనే రావాలి.

అత్తమ్మకు కమోడు పేరెత్తితేనే సిగ్గు. "కుర్సీల కూసున్నట్టు కూసుంటే ఎట్లొస్తదే?" అంది.

"అలవాటైతే వస్తది అత్తమ్మా."

"నీకెట్ల ఎరుక?"



ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఆయన టేపు, సుద్దముక్క పట్టుకుని వాకిట్లో బాత్రూం గీశాడు. అసలుది ఎంత ఉందో అంతే, ఐదడుగులకు ఆరడుగులు. కాగితం మీద గీస్తే వాళ్లమ్మకు అర్థం కాదని ఆయన వాదన. ఒక మూల నీళ్ల తొట్టి, ఇంకో మూల కుళాయి గీసి, కమోడు వచ్చే చోట ప్లాస్టిక్ స్టూలు వేశాడు.

"అమ్మా, వచ్చి కూసో."

"గీ నడి వాకిట్లనా? ఎవలన్న చూస్తే?"

"ఉత్తగ కూసోమంటున్ననే!"

చర్చికి కట్టుకున్న తెల్లచీరలోనే, సంచీ ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. నేను చెంబు తీసుకుని స్నానం చేస్తున్నట్టు నటించాను. ఇంటర్ చదివే మా అమ్మాయి పెద్ద అట్టముక్క పట్టుకుని తలుపైంది. "తెరుస్తున్నా!" అంటూ లోపలికి తోసింది. అది నేరుగా వెళ్లి అత్తమ్మ మోకాళ్లకు తగిలింది.

"సచ్చిన్రో!" అని అరిచింది అత్తమ్మ. అరిచాక, తగిలింది ఉత్త అట్టేనని గుర్తొచ్చి తనే నవ్వడం మొదలుపెట్టింది. ఇక మా వల్ల కాలేదు. మా ఆయన తొట్టిలో కూలబడి మరీ నవ్వాడు.

మా గోల విని, మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "ఏంది గీ ఆట?"

"బాత్రూం కడుతున్నం ఖాలా!"

ఆమె గేటు తీసుకుని వచ్చేసింది. అత్తమ్మను లేపి తను కూర్చుని, చేతులు చాపి చూసింది. "గీ తొట్టి తీసేయుండ్రి. సగం జాగా గదే తింటది. డ్రమ్ము పెట్టుకుంటే సాలు. తలుపు బయటికి పెట్టుండ్రి. నా లెక్క లావున్నోళ్లు వస్తే ఎట్ల?" తర్వాత అత్తమ్మ చెవి దగ్గర గొంతు తగ్గించింది గానీ అందరికీ వినపడింది. "వదినె, మా ఇంట్ల కమోడు పెట్టిన కొత్తల నాకూ రెండు రోజులు రాలే. గిప్పుడు లేవబుద్ధే కాదు."

అత్తమ్మ మొహం ఎర్రబడింది. కానీ వెళ్లి మళ్లీ స్టూలు మీద కూర్చుంది. "జర ఎత్తు పెట్టుమను," అంది. ఆమె ఒప్పుకున్నట్టే.

మర్నాడు పొద్దున మేస్త్రి వచ్చాడు. సుద్దగీతల దగ్గర ఆగి, చెప్పులు విడిచి, లోపలికి అడుగుపెట్టాడు. మా అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఇంట్లోకి పరుగెత్తింది. ఆయనకేమీ తెలియదు. "మంచిగనే గీసిండ్రు. గిట్లనే కడత," అన్నాడు. దుకాణంలో మిగిలిపోయిన టైల్స్ పెట్టెలు చవగ్గా వస్తాయని కూడా ఆయనే చెప్పాడు.

నిజమే, చవగ్గానే వచ్చాయి. కాకపోతే నీలం రంగువి మూడు గోడలకే సరిపోయాయి. నాలుగో గోడకు దొరికినవి ద్రాక్షగుత్తుల బొమ్మలున్న వంటింటి టైల్స్. నేను వెనకాడుతుంటే అత్తమ్మ ఒక టైలు మీద వేలితో రుద్ది, "నిజం పండ్ల లెక్కనే ఉన్నయ్, తియ్యుండ్రి," అంది.

పది రోజుల్లో పని అయిపోయింది. అనుకున్న డబ్బు సరిపోయింది, గీజరు మాత్రం రాలేదు. దాని గురించి ఎవరూ పెద్దగా బాధపడలేదు.

మొన్న కల్హేర్ నుంచి అత్తమ్మ చెల్లెలు వచ్చింది. మంచినీళ్లు కూడా ఇవ్వకముందే ఆమె చేయి పట్టుకుని బాత్రూంకు తీసుకెళ్లి, అత్తమ్మ ఫ్లష్ నొక్కి చూపించింది. నీళ్లు మళ్లీ నిండేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఈసారి చెల్లెలు నొక్కింది.