రీలు చివర బాతు

తెల్లవారుతుండగా చెరువు పార్కు గట్టు మీద బోర్లా పడుకుంటే ముక్కుకు మొదట తగిలేది నాచు వాసన, దాని వెనకే తడి ఈకల వాసన. ఖమ్మం ఇంకా పూర్తిగా లేవకముందే, ఖానాపురం హవేలిలోని ఇంటి నుంచి స్కూటీ మీద వచ్చి, కెమెరాను నీళ్లకు జానెడు ఎత్తులో పెట్టుకుని, బాతు దగ్గరికొచ్చి తల తిప్పేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటాను. ఎగిరే పక్షులు నాకక్కర్లేదు, గుంపులూ అక్కర్లేదు. ముఖం కావాలి. నుదుట విభూతి పెట్టినట్టు తెల్లమచ్చ ఉన్న నల్ల నీటికోడి, ముక్కు మీద నీటిబొట్టు ఇంకా జారని బాతు. "ఏంది మేడం, బాతులకు గూడ పాస్‌పోర్టు ఫొటోలా?" అని వాకింగుకు వచ్చేవాళ్లు ఆటపట్టిస్తారు. రోజు మొత్తంలో నాతో మాట్లాడేది చాలాసార్లు వాళ్లే.

ఆ తడి ఈకల వాసన నన్ను చిన్నప్పటి మా ఫొటో స్టూడియో పెరట్లోకి తీసుకుపోతుంది. ముందు గది స్టూడియో, వెనక రెండు గదులు ఇల్లు. నాయిన రీళ్లు కడిగే చీకటి గదిలోంచి వచ్చే పుల్లటి మందు వాసన మా అన్నంలో కూడా కలిసేది. వానలకు పెరటి వెనక గుంట నిండితే పక్కింటివాళ్ల బాతులు బియ్యం కడిగిన నీళ్ల కోసం మా గడప దాకా వచ్చేవి. బతుకమ్మ రోజుల్లో అమ్మ నువ్వులు వేయించి, బెల్లంతో దంచి ముద్దలు కడుతుంటే, నేను తలుపు సందులోంచి, తెర మీద గీసిన గులాబీ తోట ముందు బిగుసుకుపోయి కూచున్న పౌడరు ముఖాలను చూస్తూ, ముద్ద మీద ముద్ద మింగేదాన్ని.

మా ఇంట్లో ఒక రివాజు ఉండేది. రీలు కడిగే ముందు ఒకటో రెండో ఫొటోలు మిగిలితేనే నాయిన మమ్మల్ని పిలిచేవాడు. "ఒకటి మిగిలింది, జల్దీ రాండ్రి" అంటే అమ్మ పిండి చేతులతో, నేను ఊడిన జడతో పరుగెత్తేవాళ్లం. అందుకే మా ఫొటోలన్నింట్లో అమ్మ నా జుట్టు సర్దుతూ తల వంచుకునో, అంచున సగం తెగిపోయో ఉంటుంది.

ఏన్కూరులో అమ్మమ్మకు చూపు మందగిస్తుంటే అమ్మ మొదటిసారి నోరు తెరిచి అడిగింది. "నాకొక్కదానికే తియ్యి. మొఖం పెద్దగ కనబడాలె. మా అమ్మకు పంపుత." సద్దుల బతుకమ్మ మర్నాడు నాయిన ఒక ఫొటో మిగిల్చి, అమ్మ కూచోవలసిన పెరటి గడపకు దూరం సరిచేసి, కెమెరాను స్టూలు మీద పెట్టి, మందు కలపడానికి లోపలికి పోయాడు. అమ్మ ముఖం కడుక్కుని, పెట్టెలోని చీర కట్టుకుంటున్నది. ఆ గడప మీదికి ఒక బాతు ఎక్కి, మెడ సాచి, నన్నే చూసింది. తొమ్మిదేళ్లదాన్ని, కెమెరాలోంచి ఒకసారి చూద్దామనుకున్నాను, అంతే. వేలు ఆగలేదు.

నాయిన వచ్చి మీట తిప్పబోతే కదల్లేదు, రీలు అయిపోయింది. "ఎవరు ముట్టిండ్రు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పౌడరు రాసుకుని, తలలో బంతిపువ్వు పెట్టుకుని అప్పుడే వచ్చిన అమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. "నేనే. చెయ్యి తగిలింది" అన్నది.

కడిగి చూస్తే బాతు ముఖం, కంటి చుట్టూ ఉన్న సన్నటి ఈకలతో సహా, చక్కగా వచ్చింది. "ఇంకో రీలుకు తీస్త తియ్" అన్నాడు నాయిన. "అవ్" అన్నది అమ్మ. ఆ మాటలో కోపం లేదు, అదే నాకు ఇప్పటికీ బాధ. పండుగ జనం తగ్గలేదు, రీళ్లు మిగల్లేదు, అమ్మ మళ్లీ అడగలేదు.

మూడేళ్లకు అమ్మ దవాఖానా నుంచి తిరిగి రాలేదు. ఊళ్లో పోయినవాళ్లందరికీ దండ వేసే పటాలు చేసిచ్చిన నాయిన, పాత ఫొటోలన్నీ నేల మీద పరిచి అమ్మ కోసం వెతికాడు. చివరికి అంచున తెగిన ఒక ఫొటోలో సగం ముఖం దొరికితే, దాన్ని పెద్దది చేసి, మిగతా సగం పెన్సిలుతో మూడు రోజులు గీశాడు. ఆ రోజు బాతును తీసింది నేనేనని అప్పుడన్నా చెప్పాల్సింది. నాయిన పోయేదాకా చెప్పలేదు.

ఇప్పుడు ఆ స్టూడియో లేదు, గుంట లేదు, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నా కెమెరాలో రీలే లేదు. వేల ఫొటోలకు చోటుంది, పిలిస్తే వచ్చి కూచునే మనిషే లేదు. పార్కు నుంచి ఇంటికి వచ్చాక తాళం తీసి, అమ్మ పటం ముందు కాసేపు నిలబడతాను. నాయిన పనితనం అంత గొప్పది. ఏ సగం అమ్మదో, ఏ సగం నాయిన గీసిందో ఇప్పుడు నేను గుర్తుపట్టలేను.