ఎడమ చేతి గాజులు

మొన్న సోమవారం మోకాళ్ల నొప్పికి మందు రాయించుకుందామని చేవెళ్ల దవాఖానకు పోయాను. మొయినాబాద్ పక్కన మా ఊరు హిమాయత్‌నగర్ నుంచి రోడ్డు దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి బస్సు. ముప్పై ఏండ్లు ఇదే రోడ్డు మీద కండక్టరుగా నిలబడి ప్రయాణం చేసినవాణ్ణి కనుక, ఇప్పుడు పెద్దవాళ్ల సీట్లో కూచుంటే ఎవరిదో జాగా ఆక్రమించినట్టు బెరుకుగా ఉంటుంది. చీటీ తీసుకుని వరుసలో కూచున్నాక చూస్తే ఎదురుగా డయాలసిస్ గది. తలుపు పక్కన బెంచీ మీద ఒకమ్మాయి, పాతికేండ్లు దాటి ఉండవు, ఫోను చూసుకుంటూ తన వంతు కోసం ఎదురుచూస్తున్నది. మెడలో పుస్తెలతాడు ఉన్నది. ఎడమ చెయ్యి మాత్రం మోచేతి దాకా ఖాళీ, మణికట్టు పైన నరం వేలి లావున ఉబ్బి ఉన్నది. ఆ చేతిని దాచుకోవాలన్న ఆలోచనే ఆమెకు ఉన్నట్టు లేదు. లోపల నా నంబరు పిలిచారట, నాకు వినపడలేదు. రెండోసారి పిలిచినప్పుడు పక్కాయన తట్టి లేపాడు.

మా ఇంటామె రోగం మొదట చెప్పుల దగ్గర బయటపడింది. నేను రిటైరై ఇంట్లో కూచుని అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. ఒకనాడు పొద్దున ఆమె చెప్పులు తొడుక్కోబోతే పాదం దూరలేదు. వానకు తడిసి తోలు ముడుచుకుందని ఇద్దరం అనుకున్నాం. ఒక సైజు పెద్దవి కొనుక్కొచ్చాను, పది రోజులకు అవీ పట్టలేదు. షుగరు ఆమెకు ఎన్నో ఏండ్లుగా ఉన్నది. మాత్ర గుర్తొచ్చిననాడు వేసుకునేది, ఒంట్లో బాగుందనిపిస్తే మానేసేది, కాళ్ల నొప్పులకు మాత్రం ఊళ్లో దొరికే గోలీలు మరమరాల్లాగా నమిలేది. ఆ గోలీలు కిడ్నీలకు చేటని మాకు చెప్పినవాళ్లు లేరు, అడగాలన్న తెలివి మాకూ లేకపోయింది. పట్నంలో పెద్ద డాక్టరు కాగితాలు చూసి, ఇక రక్తాన్ని మిషను మీదనే శుభ్రం చేయించుకోవాలి, వారానికి మూడుసార్లు, బతికి ఉన్నన్నాళ్లు అని చెప్పినప్పుడు ఆమె నా వైపు తిరిగి అడిగిన మొదటి మాట, మరి ఆ మూడు రోజులు వంట ఎవరు చేస్తరు అని.

అట్లా సోమ, బుధ, శుక్రవారాలు ఆమెను పక్కన కూచోబెట్టుకుని పట్నం పోయి రావడం మొదలైంది. నౌకరీ చేసినన్నాళ్లు ఆమె నా బస్సు ఎక్కింది రెండో మూడో సార్లు. పెండ్లాన్ని వెంటేసుకుని తిరుగుతున్నాడని డ్రైవరు నవ్వుతాడని నాకు సిగ్గు. ఇప్పుడు ఆ డ్రైవర్లే మమ్మల్ని చూసి ముందు సీటు ఖాళీ చేయించేవాళ్లు. మిషను మీద నాలుగు గంటలు ఉండి దిగాక ఆమెకు బీపీ పడిపోయి కండ్లు తిరిగేవి, పిక్కలు పట్టేసేవి. తిరుగు ప్రయాణంలో నా భుజం మీద తల పెట్టి మొయినాబాద్ వచ్చేదాకా కండ్లు తెరిచేది కాదు. పిల్లాజెల్లా లేని మా ముప్పై ఐదేండ్ల కాపురంలో నలుగురి ఎదుట ఆమె నా భుజం మీద వాలింది ఆ రోజుల్లోనే. ఈ మాట అనడం తప్పేమో గానీ, ఆ ప్రయాణాలు నాకు ఇష్టంగా ఉండేవి.

మిషనుకు రక్తం వేగంగా అందాలంటే మామూలు నరం చాలదు. అందుకని ఎడమ మణికట్టు దగ్గర చిన్న ఆపరేషను చేసి రెండు రక్తనాళాలను కలిపారు. దాన్ని ఫిస్టులా అంటారు. నెలన్నర పాటు రబ్బరు బంతి పిసుకుతూ ఉంటే ఆ నరం లావై సూదులకు పనికొచ్చింది. వార్డులో ఒక నడివయసు నర్సమ్మ ఉండేది. ఆమె నా రెండు వేళ్లు పట్టుకుని ఆ నరం మీద పెట్టి, "చూడన్నా, గుయ్యిమంటున్నది గదా. రోజూ పొద్దుగాల గిట్ల పెట్టి చూడాలె. ఇది ఆగిందంటే ఆ గడియల్నే ఉరికి రావాలె. ఈ చేతికి సూది వద్దు, బీపీ పట్టీ వద్దు, గడియారం వద్దు, గాజులు వద్దు. గీ చెయ్యే ఈమె పానం అనుకో" అని చెప్పింది. తేనెటీగను గుప్పిట్లో పట్టుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది నా వేళ్ల కింద. అప్పటి నుంచి రోజూ చాయ్ కంటే ముందు నాకు అదే పని.

ఇక పథ్యం సంగతిలో నేను టికెట్ లేనివాణ్ణి నడిరోడ్డు మీద దింపే కండక్టరునే. రోజుకు మూడు గ్లాసుల నీళ్లు పొద్దున్నే సీసాలో పోసి పెట్టేవాణ్ణి. మందు మింగినా, గొంతు తడుపుకున్నా అందులోంచే. ఎక్కువైతే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుందని చెప్పారు. ఎండాకాలం నాలుక పిడచకట్టుకుపోయి ఆమె కుండ వైపు చూసి తల తిప్పుకునేది. ఆలుగడ్డ ముక్కలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, ఉడకబెట్టి ఆ నీళ్లూ పారబోసి, ఉప్పు తగలకుండా వండేవాణ్ణి. టమాటాలు పండే నేల మాది, చేవెళ్ల మార్కెట్‌కు బండ్ల నిండా పోతుంటాయి, మా ఇంట్లో మాత్రం అవి బంద్. చూడవచ్చిన చుట్టాలు రోగి ఇంటికి ఒట్టి చేతులతో రాకూడదని కొబ్బరి బోండాలు పట్టుకొచ్చేవాళ్లు. ఆలుగడ్డ, టమాటాల్లో లాగే అందులోనూ ఉండే పొటాషియం ఈమె గుండెను ఆపేయగలదని డాక్టరు అన్న మాట చెబితే, కొబ్బరినీళ్లు చలవ కదా అని నన్ను అనుమానంగా చూసేవాళ్లు. వాళ్ల ముందే ఆ బోండాలు పొరుగింటికి పంపేవాణ్ణి. పెండ్లానికి మంచినీళ్లు కూడా పుట్టనివ్వడు అని పేరొచ్చింది. ఆ పేరును లోలోపల గర్వంగానే మోశాను.

అయితే ఆమెను దాహం కంటే ఎక్కువ కష్టపెట్టింది ఆ ఎడమ చెయ్యి. మొగుడున్న ఆడమనిషి చేతికి గాజుల్లేకుంటే మా దిక్కు ఏమనుకుంటారో మీకు తెలియనిది కాదు. దాని నుంచి తీసేసిన డజను గాజులూ కుడి చేతికే ఎక్కించుకుంది, అక్కడైనా ఉంటే చాలన్నట్టు. ఎడమ చేతిని కొంగులో చుట్టుకుని తిరిగేది. పేరంటాలకు పోవడం మానేసింది. పిలవడానికి వచ్చినవాళ్లు బొట్టు పెట్టి పోయాక చాలాసేపు ఆ గడపలోనే నిలబడేది.

ఆపరేషనైన ఏడాదికి, శంకర్‌పల్లి దగ్గరున్న ఆమె పుట్టింటి నుంచి ఒడిబియ్యం పోస్తామని కబురొచ్చింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు ఆడబిడ్డ ఒడిలో పోసి, కొత్త చీర పెట్టి చల్లగా ఉండమని దీవించడం మాకు పెద్ద వేడుక. బిడ్డ రోగం తగ్గాలని మా అత్తమ్మ మొక్కుకున్నది. ఆదివారం పెట్టుకున్నారు. శుక్రవారం తర్వాత మళ్లీ సోమవారమే డయాలసిస్ కాబట్టి ఆదివారానికి ఆమె కాళ్లు చేతులు నీరుపట్టి ఉండేవి. గాజులామె కుడి చేతికి వేసి ఎడమ చెయ్యి అడిగింది. మా ఇంటామె దాన్ని కొంగులోంచి తీయలేదు. అప్పుడు అత్తమ్మ నా దిక్కు తిరిగి, "ఒక్క పూట, అల్లుడా. బియ్యం పొయ్యంగనే తీసేద్దం. బోడి చేతుల ఒడిబియ్యం ఎట్ల పోస్తరు?" అని కండ్లనీళ్లు పెట్టుకున్నది. అందరూ నన్నే చూస్తున్నారు. మా ఇంటామె కూడా చూసింది, వద్దంటానేమో అన్న భయంతో కాదు, సరేనంటానేమో అన్న ఆశతో. నేను తల ఊపాను.

గాజులామె పనితనం గలది. వేళ్ల కణుపులు వత్తి వత్తి, చేతికి పట్టీపట్టని సైజువి డజను పచ్చ గాజులు ఎక్కించి, గలగల కిందికి జారకుండా మణికట్టు పైకి బిగించింది. ఆ పూట మా ఇంటామె రోగిలా లేదు. కొంగు వదిలేసి రెండు చేతులూ ముందుకు చాపి ఒడి పట్టింది, వదినెలతో నవ్వింది, కుడుక ఒకటి నా చేతిలో పెట్టి తినమన్నది.

భోజనాలయ్యాక తీద్దామంటే రాలేదు. సబ్బు రాశాం, ఆముదం రాశాం. ఎనిమిది వచ్చాయి, నాలుగు ఉబ్బిన అరచేతిని దాటలేదు. వేళ్లు పెట్టి చూశాను. గుయ్యిమనడం తెలుస్తూనే ఉన్నది గానీ సన్నబడింది. పగలగొడదామన్నాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆడదాని గాజులు పగలగొట్టేది మొగుడు పోయిననాడే. మా ఇంటామె తన చేతిని వెనక్కి లాక్కుని, "నువ్వు నా ముంగట ఉండంగ గాజులు పగలగొట్టుకుంటనా? నీకేమన్న అయితే నేనేం జెయ్యాలె? రేపు ఎట్లైనా దవాఖానకు పోతం గదా, ఆడ సూద్దం తియ్యి" అన్నది. నేను మళ్లీ తల ఊపాను. నిజం చెప్పాలంటే, మాట నా ఆయుష్షు మీదికి వచ్చేసరికి నాకూ లోపల భయమేసింది. ఈ ముక్క ఇన్నేండ్లలో ఎవరికీ చెప్పలేదు.

తెల్లారి వేళ్లు పెడితే ఏమీ లేదు. జాగా తప్పిందేమోనని పైనా కిందా వెతికాను. చెవి ఆనించి విన్నాను. మొదటి బస్సులో పట్నం పోయాం. నర్సమ్మ గుడ్డ చుట్టి ఆ నాలుగు గాజులు చిట్లగొట్టేటప్పుడు మా ఇంటామె కండ్లు మూసుకుని ఏదో దండం పెట్టుకున్నది. డాక్టర్లు చేయగలిగింది చేశారు, గడ్డకట్టిన రక్తం కదల్లేదు. ఎట్లా అయిందని అడిగితే, నేను నోరు తెరిచేలోపలే ఆమె, "నిద్రల ఆ చెయ్యి మీద పండిన, సారు" అన్నది. డాక్టరు గాజుల వల్లనే అని తేల్చలేదు, బీపీ తగ్గినా ఇట్లా అవుతుందన్నాడు. నర్సమ్మ మాత్రం పగిలిన ముక్కలు ఎత్తుతూ నా మొహం చూడలేదు.

డయాలసిస్ కోసం మెడ పక్కన గొట్టం వేశారు. కుడి చేతికి ఆపరేషను చేశారు గానీ ఆ నరాలు సన్ననివి, పనికిరాలేదు. గొట్టం దగ్గర చీము పట్టి రక్తంలోకి పాకింది, వణుకుతో జ్వరాలొచ్చాయి, రెండుసార్లు బతికి బయటపడింది, మూడోసారి పడలేదు. మొత్తం తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలలూ పలకరించిన ప్రతివాళ్లకూ, వాళ్లమ్మకు కూడా, నా తప్పే, చెయ్యి కింద పెట్టుకుని పండిన అనే చెప్పింది. చెప్పీ చెప్పీ తనే నమ్మినట్టుంది. చివరి వారంలో నా చెయ్యి పట్టుకుని, నిన్ను ఆగం జేసిన గదా అన్నది. తప్పు నీది కాదు, రెండుసార్లు తల ఊపింది నేను అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నేను చెప్పలేదు. పండుకో అన్నాను.

పోయిననాడు ఆడవాళ్లంతా పసుపు కుంకుమలతో పోయింది, అదృష్టవంతురాలు అన్నారు. రెండు చేతులకూ పచ్చ గాజులు తొడిగారు. చిక్కిపోయిన చేతులకు అవి ఎవరూ వత్తకుండానే ఎక్కి మోచేతుల దాకా జారిపోయాయి. ఆ ఎడమ చేతికి వేయవచ్చునా అని ఈసారి నన్నెవరూ అడగలేదు.

ఇదంతా జరిగి పన్నెండేండ్లు దాటింది. చేవెళ్ల రోడ్డు పొడుగునా ఫాంహౌసులు, వెంచర్ల బోర్డులు వచ్చాయి. డయాలసిస్‌కు పట్నం దాకా పోనక్కరలేదు. ఒడిబియ్యాలు ఫంక్షన్ హాళ్లలో అవుతున్నాయి, ఫొటో అయిపోగానే గాజులు తీసి పర్సులో వేసుకుంటున్నారు, ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. ఈ మార్పు మంచిదే. కాస్త ముందే వచ్చి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు. నాకు డెబ్బై రెండు నిండాయి. షుగరు లేదు, బీపీ లేదు, నా తోటివాళ్లు సగం మంది పోయారు, ఉన్నవాళ్లు నీకేమయ్యా, నూరేండ్లు బతుకుతావు అంటారు. ఆ రాత్రి ఆ నాలుగు గాజులను పగలనివ్వకుండా ఆమె కాపాడిన ఆయుష్షు ఇది. పొద్దున లేచి ఒక్కడికే చాయ్ పెట్టుకుని, ఇంట్లో ఒక్కణ్ణే కూచుని గడుపుతున్నాను, అది తరగడం లేదు.