పొడిగదిలో ఒర్నెల్లా

పార్మా శివార్లలోని మా మందుల ఫ్యాక్టరీలో ఒర్నెల్లా గందోల్ఫి పనిచేసే గదిలోకి తేమ రాకూడదు. బయట పొగమంచు ఎంత దట్టంగా ఉన్నా, లోపలి గాలికి ఆమె పెదవులు పగిలిపోయేవి. ఉబ్బసానికి పీల్చే పొడులు చేయడంలో చెయ్యితిరిగిన మనిషి. ఆ ధైర్యంతోనే ఎంఆర్ఎన్ఏ టీకాను కూడా పీల్చే పొడిగా చేస్తానని డైరెక్టరు ఫుల్వియోకు మాటిచ్చింది. సూదీ, ఫ్రీజరూ అక్కర్లేని టీకా!

మాటిచ్చాక ఇరుక్కుపోయింది. ద్రవాన్ని తుంపరగా చిమ్మి వేడిగాలిలో ఆరబెట్టాలి. వేడి పెంచితే టీకా పాడయ్యేది. తగ్గిస్తే తడి మిగిలి పొడి ఉండలు కట్టేది. రేణువు కాస్త పెద్దదైతే గొంతులోనే ఆగిపోతుంది. కాపాడటానికి కలిపే చక్కెరను ఎన్నిసార్లు మార్చినా, పక్కనే పరీక్షల గదిలో ఉన్న నేను పెదవి విరవాల్సి వచ్చేది.

“నీ మిషనే సరిగా లేదేమో చూడవే!”

“మిషన్ నిక్షేపంలా ఉంది తల్లీ. నీ పొడే బాలేదు.”

బొలోన్యా యూనివర్సిటీ వాళ్ళు రమ్మన్నా ఒర్నెల్లా వెళ్ళలేదు. తను వెళ్తే ఆ గది మూసేస్తారు, తన కింద పనిచేసేవాళ్ళు రోడ్డున పడతారు.

మనుషుల మీద ప్రయోగాలు దగ్గరపడ్డాయి. చివరి పొడిలో సగం టీకా విరిగిపోయిందని ఇద్దరికీ చెప్పాను. ఫుల్వియో తేలిగ్గా తీసుకున్నాడు.

“సగం బాగానే ఉందిగా! మోతాదు రెట్టింపు చేస్తే సరి.”

“ఆ పాడైన సగం ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది? మీవాళ్ళ ఊపిరితిత్తుల్లోకా?” అని ఒర్నెల్లా నిలదీసింది.

“నీతులు తర్వాత చెబుదువుగాని. సోమవారం సరుకు బయల్దేరాలి.”

ఆమె లోపలికి వెళ్ళి పొడి ఉన్న పాత్ర మూత తీసింది. ఒకేసారి తెరవకూడని రెండు తలుపులూ బార్లా తెరిచింది. అలారం మోగింది. పొగమంచు లోపలికి పాకింది. అద్దం అవతల నుంచి చూస్తున్నాను, పొడి బంకలా ముద్దకట్టింది.

“తలుపు వెయ్యవే, పిచ్చిదానా!” అని అద్దం బాదాను.

“కాసేపుండు. ఇన్నాళ్ళకి బయటి వాసన వస్తోంది.”

తనే చేశానని ఫుల్వియో ముఖం మీదే చెప్పింది. అతను నోటికొచ్చినట్టు తిట్టాడు గాని ఉద్యోగం తీసెయ్యలేదు. ఆ యంత్రం ఆనుపానులు తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. ప్రయోగాలకు ద్రవాన్నే తుంపరగా పీల్పించాలని నిర్ణయించారు. పొడి కుదిర్చి తీరాలని ఆమెకు మరో ఏడాది గడువిచ్చారు.

సోమవారం క్యాంటీనులో తొర్తెల్లి పాస్తా కెలుకుతూ కూర్చుంది.

“గండం గడిచిందిగా, తినవే,” అన్నాను.

“నన్ను తీసేస్తారన్న ఆశతోనే తెరిచానే తలుపులు,” అంది ఒర్నెల్లా. ప్లేటు పక్కకు నెట్టి, పొడిగదిలోకి వెళ్ళే గౌను తొడుక్కోవడానికి లేచింది.