జనం అరిచాక వచ్చిన చప్పుడు

ఈ ఏడాది టీవీలో నాకు బాగా నచ్చినవి మూడు. మూడింట్లోనూ కొట్టుకోవడం, చంపుకోవడమే. శాంతంగా సాగేవి నాకు పట్టవు. వంటల కార్యక్రమం పెడితే కూర్చున్నచోటే నిద్రపోతాను. భక్తి ఛానలు మా అత్తగారితోనే పోయింది.

ఏటా డిసెంబరు చివర గోపాలపట్నం నుంచి మా ఆడపడుచు ఫోను చేస్తుంది. ఆ ఏడాది ఎవరికి ఏది నచ్చిందో చెప్పుకుని దెబ్బలాడుకోవడం మా ఇద్దరికీ అలవాటు. ఆమెది కన్నీళ్ల పార్టీ, నాది నెత్తురు పార్టీ. "నీకు మనసనేదుందా ఒదినా" అంటుంది. ఉంది, కానీ అది దొంగ దొరికినప్పుడే కరుగుతుంది.

నాకు నచ్చినవాటిలో మొదటిది హత్య కేసుల కార్యక్రమం. రోజుకో శవం. ఎవరు చంపారో నాకు సగంలోనే తెలిసిపోతుంది, ఎక్కువగా మొగుడే. అయినా పోలీసులు తలుపు బద్దలుకొట్టే ఘట్టం కోసం చివరిదాకా కూర్చుంటాను. రెండోది సాయంత్రం సీరియలు. అందులో కోడలి చెంప మీద ఎవరో ఒకరి చెయ్యి పడని వారం ఉండదు. పడిన చెయ్యిని మూడు వైపుల నుంచీ చూపించి, వెనకాల ఉరుము వేసి, సబ్బు ప్రకటనకు వెళ్లిపోతారు. దాన్ని నేను చూసేది ఆ పిల్లని తిట్టడానికే. తిరిగి ఒక్కటి పీకవే అని ఏడాది పొడుగునా అరిచాను. పీకలేదు.

మూడోది నాది కాదు, మా మావయ్యది. కుస్తీలు. విదేశాల్లో కండలు పెంచిన మనుషులు ఒకరినొకరు ఎత్తి పడేసుకునే కార్యక్రమం. మావయ్య ఉక్కు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకిప్పుడు షుగరు, మోకాళ్ల నొప్పి, కుస్తీలు తప్ప వేరే లోకం లేదు. అదంతా ఉత్తుత్తిదే మావయ్యా అంటే, "నువ్వు తిట్టే ఆ సీరియలు మట్టుకు నిజమేటి?" అంటారు. ఆయనకి చపాతీలు చేస్తూ నేనూ చూడ్డం మొదలెట్టాను. తర్వాత నాకూ రుచి తగిలింది.

మాది మల్కాపురంలో ఒక కాంపౌండు. ఒకే లైనులో వరసగా ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్క ఇటుక మందం గోడ. మీటర్లన్నీ గేటు పక్కన ఒకే బోర్డు మీద ఉంటాయి, వాటన్నిటికీ కలిపి మెయిను ఒక్కటే. పక్కవాళ్ల టీవీ మన టీవీని మింగేస్తుంది గనుక మనం పెంచుతాం, మనం పెంచామని వాళ్లు పెంచుతారు. గోడలకు చెవులుంటాయంటారు. మా గోడకి ఇటూ టీవీయే, అటూ టీవీయే, పాపం అది మాత్రం ఏం వింటుంది.

ఈ వేసవిలో మా పక్కింట్లోకి ఒక జంట దిగింది. అతనికి పోర్టులో కాంట్రాక్టు పని. ఆ అమ్మాయిది ఎలమంచిలి దగ్గర పల్లె. సన్నగా ఉండేది, మాట బయటికి వచ్చేది కాదు. అతనికి మాత్రం మాటే పెట్టుబడి. దిగిన మర్నాడే మా గ్యాసు బండ భుజాన వేసుకుని తెచ్చి పెట్టాడు. మావయ్యని బాబాయ్ అని పిలిచాడు. లైనులో ముసలివాళ్లకి మందులు తెచ్చేవాడు, వినాయక చవితి పందిరికి నిచ్చెన ఎక్కేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, అతని విషయంలో అదే అయింది. మా లైనులో అతన్ని మెచ్చుకోని నోరు లేదు, నా నోటితో సహా.

మావయ్య కుస్తీలు చూస్తారని తెలిసి మరీ సంబరపడ్డాడు. "నాకూ అదే పిచ్చి బాబాయ్. పాతవన్నీ ఫోన్లోంచి టీవీలో ఎట్టుకుని సూత్తాను" అన్నాడు. అన్నట్టే చూసేవాడు. అతను డ్యూటీ నుంచి రాగానే మొదలయ్యేది. వ్యాఖ్యానం చెప్పేవాడి గోల, జనం హోరు, ధబ్బున మనిషి పడిన చప్పుడు, మళ్లీ హోరు. మా గోడకున్న గూట్లో డబ్బాలు అదిరేవి. చెంపదెబ్బ ఉరుము కూడా సరిగ్గా వినపడక నాకు ఒళ్లు మండేది. ఒకరోజు కుళాయి దగ్గర ఆ అమ్మాయిని పట్టుకుని కడిగేశాను, ఏటా సౌండు, మేం మనుషులం కాదేటి అని.

"మా ఆయనకి కుస్తీలంటే పేణం ఒదినా. నానేటి సెయ్యను" అంది. బిందె ఎడమ చంకలో పెట్టుకుంది. అంత ఉక్కలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. పోర్టు పక్కన ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ అలాంటి జాకెట్టు తొడగరు. పల్లెటూరి పిల్ల, సిగ్గు కాబోలనుకున్నాను.

చవితి పందిరి ఇంకా విప్పకముందు, వాన పడుతున్న ఒక సాయంత్రం. మా ఆయన ట్రైలరు లారీ తీసుకుని డ్యూటీకి వెళ్లాడు. నేను వంటింట్లో చపాతీలు ఒత్తుతున్నాను. ముందు గదిలో హత్యల కార్యక్రమం నడుస్తోంది. గోడ అవతల కుస్తీ నడుస్తోంది. ఉన్నట్టుండి మావయ్య మా టీవీ సౌండు తగ్గించేశారు. సరిగ్గా తలుపు బద్దలుకొట్టబోయే సమయం. నేను చపాతీ కర్ర పట్టుకునే బయటికి వచ్చాను. ఆయన కుర్చీని గోడ దగ్గరికి లాక్కుని తల వంచి వింటున్నారు.

"ఈ మేచ్చి నాను సూసిందేనమ్మా" అన్నారు.

"అయితే ఏటి?"

"ఎత్తి పడేత్తాడు, అప్పుడు జనం అరుత్తారు. అదీ వరస. ఇక్కడేటి, జనం అరిసీసేక పడతన్నాడు?"

నాకు అర్థం కాలేదు. వినమన్నట్టు చెయ్యి చూపించారు. నేనూ చెవి పెట్టాను. జనం హోరు లేచింది, వ్యాఖ్యానం చెప్పేవాడు గొంతు చించుకున్నాడు, హోరు అణిగింది. అప్పుడు ధబ్ అంది. మళ్లీ జనం సద్దు లేకుండా ఇంకో ధబ్. మా గూట్లో పసుపు డబ్బా దొర్లి కింద పడింది. ఫోన్లోంచి పెడతాడు కదా, బొమ్మా మాటా కలవట్లేదేమో అన్నాను. చదువుకున్నదాన్ని గనుక అలా అన్నాను.

"ప్లాంటులో తేడా సప్పుడొత్తే సెవొగ్గి కూకుంటే లాబం నేదమ్మా. ముందు ఆపాల. ఆపినా సప్పుడొత్తంటే అది మిసనుది కాదు" అని మోకాళ్లు పట్టుకుని లేచారు. చెప్పులు కూడా వేసుకోకుండా వానలో గేటు వైపు నడిచారు. ఆయన ఏం చేయబోతున్నారో నాకు తెలియలేదు. మెయిను దించేశారు.

ఒక్కసారిగా లైనంతా చీకటి. హత్యలు ఆగిపోయాయి, సీరియళ్లు ఆగిపోయాయి, ఫ్యాన్లు తిరిగి తిరిగి ఆగిపోయాయి. ఎవరో కరెంటు వాళ్లని బూతు తిట్టారు. ఆ తర్వాత వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆ వానలో, గోడ అవతల, ధబ్. ఇంకొకటి. మధ్యలో నోట్లో గుడ్డ ఉన్న మనిషి మూలుగు. కోపం ఎక్కినవాడికి కరెంటు పోయిన సంగతి వెంటనే తెలియదు కాబోలు. ఇంకోసారి కూడా కొట్టాడు. అది తల అని, గోడకేసి కొడుతున్నాడని నా ఒంటికి తెలిసిపోయింది.

మావయ్య వెనక్కి వచ్చి వాళ్ల తలుపు బాదారు. నేను పరుగెత్తాను. లైనులో ఒక్కొక్కరే ఫోను లైట్లు వేసుకుని గుమ్మాల్లోకి వచ్చారు. లోపల ఏదో ఈడ్చిన చప్పుడై, కాసేపటికి గడియ తీశాడు. నవ్వుతూ నిలబడ్డాడు.

"ఏటి బాబాయ్, కరెంటు పోనాది?"

"మీ ఇంట్లో సప్పుడేట్రా?" అన్నారు మావయ్య.

"ఏటుంది బాబాయ్, కుస్తీ" అన్నాడు. నోటికి అలవాటైన మాట అది, వచ్చేసింది. అన్నాక ఆగిపోయాడు.

"కరెంటు లేకుండా ఆడతందేట్రా నీ టీవీ?"

నేను అతన్ని తోసుకుని లోపలికి లైటు కొట్టాను. ఆ అమ్మాయి మా గోడకే ఆనుకుని కూలబడి ఉంది. నోట్లో తువ్వాలు కుక్కి ఉంది. కనుబొమ్మ చీలి కంటి నిండా నెత్తురు, ఎడమ చెవిలోంచి మెడ మీదికి ఇంకో ధార. జడ ఊడి సగం కిందే ఉంది. గోడ మీద ఆమె తల ఎత్తున నల్లటి మరక ఉంది, అందులో ఎండిపోయినది చాలా ఉంది. దానికి రెండోవైపు నా పసుపు డబ్బా గూడు.

"సీకట్లో పడిపోనాది ఒదినా" అన్నాడు వెనక నుంచి.

చపాతీ కర్ర ఇంకా నా చేతిలోనే ఉంది. వెనక్కి తిరిగి ముంజేతి మీద కొట్టాను. ఎముక చప్పుడు వినపడింది. టీవీలో వేసే చప్పుడు కాదది, ఎండు పుల్ల విరిగినట్టు చిన్నగా ఉంటుంది. అతను వంగితే వీపు మీద కొట్టాను. ఆ తర్వాత లైనులో మగవాళ్లు అందుకున్నారు. పందిరికి నిచ్చెన ఎక్కినవాణ్ని అదే పందిరి కింద బురదలో పడేసి తన్నారు. పళ్లూడి నోట్లోంచి నెత్తురు కారుతుంటే నాకు సంతోషం వేసింది, దాచడం ఎందుకు. చచ్చిపోతాడని మావయ్య అడ్డం పడకపోతే చచ్చిపోయేవాడే. "ఆపండ్రా. ఇదీ కుస్తీయేనేటి?" అని అరిచారు ఆయన. ముందు ఆ పిల్ల సంగతి చూడమన్నారు.

ఆసుపత్రిలో కనుబొమ్మకి కుట్లు వేశారు. ఎడమ చెవికి వినికిడి ఇక రాదన్నారు. పోలీసులు కేసు రాసుకుని అతన్ని తీసుకుపోయారు. ఆ అమ్మాయిని మా ఇంటికి తెచ్చుకున్నాను. మావయ్య కుస్తీలు కట్టేశారు. ఆమె మాత్రం పెట్టుకోమంది. "ఆల్లు పడిపోయి మల్లీ లేసి ఇంటికెలిపోతారు ఒదినా. అది సూసి సూసి, నానూ లేత్తానని అనుకునీవోడు" అంది. నేను మొహం చూపించలేక వంటింట్లోకి వెళ్లిపోయాను.

తర్వాత వాళ్ల ఊరి పెద్దలు వచ్చారు. పళ్ల సంచీ తెచ్చారు. మా ముందు గదిలో కూర్చుని, మొగుడూ పెళ్లాం అన్నాక నాలుగూ ఉంటాయి, చీకట్లో పడ్డానని ఒక్క మాట చెప్పేస్తే కేసు తేలిపోతుంది, వాడు బుద్ధి తెచ్చుకున్నాడు, ఇల్లు నిలబడుతుంది అన్నారు. ఆ ఒక్క మాటా అంటే ఆమె మళ్లీ ఆ గోడ దగ్గరికే. నాకు నోరు ఊరుకోలేదు గాని మావయ్య చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ పిల్ల తలొంచుకుని కూర్చుంది. అంటుందేమోనని నాకు భయం వేసింది. ఏడాదంతా సీరియల్లో కోడలు చేసిన పని అదే కదా.

పెద్దాయన ఎడమవైపు నుంచి ఇంకోసారి అడిగాడు. ఆమె చెవి మీది కొంగు తీసి పూర్తిగా అటు తిరిగింది.

"ఈ పక్క సెప్పండి బాబూ. ఆ సెవి ఆడు తీసీసేడు" అంది. ఆయన మళ్లీ చెప్పబోతే, "ఇనపడింది. నానెల్లను. పడిపోనానని సెప్పను" అంది. గొంతు పెంచలేదు. పళ్ల సంచీ నేనే తీసుకెళ్లి వాళ్ల ఆటోలో పెట్టాను.

ఇప్పుడామె ఎలమంచిలిలో తల్లి దగ్గర ఉంటూ బట్టల కొట్లో పనికి వెళ్తోంది. కేసు నడుస్తోంది. వాయిదాకి వచ్చినప్పుడు మా ఇంట్లోనే భోంచేస్తుంది. నేను మారిపోయానని చెప్పను. హత్యల కార్యక్రమం ఇప్పటికీ చూస్తాను, తెర మీద నెత్తురంటే ఇప్పటికీ ఇష్టమే. ఆ చెంపదెబ్బల సీరియలు మాత్రం పెట్టలేకపోతున్నాను. ఉరుము వెయ్యగానే చెయ్యి దానంతటదే రిమోటు మీదికి పోతుంది.

పక్కింటికి సున్నం వేయించి కొత్త జంటకి అద్దెకిచ్చారు. వాళ్లకి పాటల పోటీలంటే ఇష్టం. సౌండు మునుపటికన్నా ఎక్కువే. మా లైనులో కరెంటు కూడా ఈమధ్య తరచు పోతోంది. ఎక్కువసేపు కాదు, మంచి రసపట్టులో పోయి ఇట్టే వచ్చేస్తుంది. అందరూ కరెంటు వాళ్లని నోటికొచ్చినట్టు తిడతారు. నేను తిట్టను. అలాంటప్పుడు మావయ్య కుర్చీ ఖాళీగా ఉంటుంది.

నిన్న సాయంత్రం ఆడపడుచు ఫోను చేసింది. ఈ ఏడాది నా మూడూ ఏవో చెప్పమంది. చెబుతూ ఉండగానే లైనంతా చీకటైంది. నేను మాట ఆపేశాను.

"ఏటి ఒదినా, పలకవు? ఏటి సూత్తన్నావు?"

"ఉండు" అన్నాను.

ఫోను చెవి నుంచి తీసేసి గోడ దగ్గరికి వెళ్లాను. చివరింట్లో పిల్లాడు బొమ్మల ఛానలు కోసం ఏడుస్తున్నాడు. ఎవరింట్లోనో గిన్నె కింద పెట్టారు. పక్కింట్లో కొత్త పెళ్లికూతురు, పాట సగంలో తెగిపోయిందని, ఆగిన చోట నుంచి తానే పాడుతోంది. పెళ్లికొడుకు నవ్వుతున్నాడు. ఇంకా కాసేపు విన్నాను. తర్వాత గుమ్మంలోకి వచ్చాను. గేటు దగ్గర చీకట్లో మావయ్య, మెయిను మీద చెయ్యి వేసుకుని నా వైపే చూస్తూ నిలబడి ఉన్నారు.

"ఏటీ నేదు మావయ్యా" అన్నాను. "ఎయ్యండి."